పద్నాలుగో నంబరు మీద ఇద్దరు

2007 మార్చి 31న గణాంకాల కార్యాలయంలో నా ఉద్యోగం ముగిసింది. ముప్పై మూడేళ్లు వాన కొలిచాను. చేనులో తాడుతో గడి గీయించి, ఆ గడిలో పండిన గింజలను తూకం వేయించాను. ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. జూన్ 12, మంగళవారం నాడు ఇంకో లెక్క మొదలుపెట్టాను.

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. లోపలికి పీపాల్లో తెల్ల పొడి వచ్చేది. దాన్ని ఇంకేవో పొడులతో కలిపి సంచుల్లో నింపి పంపేవాళ్లు. సంచి నిండా ఉన్నా ఎత్తితే దూది మూటలా లేచేది. రంగుల తయారీకి పోతుందని కొందరు, టైర్లలో కలుపుతారని కొందరు అనేవాళ్లు. పీపా మీద మూడు అక్షరాలు, ఒక అంకె తప్ప ఏమీ రాసి ఉండదు. షెడ్డు మొదలై అప్పటికి రెండేళ్లు. దగ్గరి నాలుగు ఊళ్ల నుంచి నలభై ఒక్కమంది పనికి వచ్చేవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లే. అందరికీ తలా ఎకరమో రెండెకరాలో మెట్ట చేను ఉంది. వాన పడితే చేనుకు, పడకపోతే షెడ్డుకు.

ఆ పొడి మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలని హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. తప్పకుండా వచ్చి, ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి కావాలని మా పాత ఆఫీసులో అడిగితే నా పేరు చెప్పారట.

"ఇది మామూలు దుమ్ము కాదమ్మా. నానో అంటారు" అని మొదటి రోజే చెప్పాడు. "వెంట్రుక మందంలో వందల రేణువులు పక్కపక్కన పడతాయి. ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల చివరిదాకా పోతాయి. పోయి ఏం చేస్తాయో ఎలుకల్లో కొంత చూశారు. మనుషుల సంగతి ఇంకా సరిగ్గా తెలియదు."

పని వినడానికి తేలికగానే ఉంది. ప్రతి మంగళవారం షెడ్డుకు పోయి హాజరు పుస్తకం నుంచి ఎవరు ఎన్ని రోజులు పొడి దగ్గర పనిచేశారో రాసుకోవాలి. మూడు నెలలకోసారి ఒక ఆదివారం, ఊరి బడిలో అందరినీ పిలిచి ఒక గొట్టంలోకి ఊదించాలి. ఊపిరి ఎంత బలంగా వస్తుందో మిషన్ చూపిస్తుంది. రోజులు పెరిగేకొద్దీ ఊపిరి తగ్గుతుంటే పొడి మంచిది కాదని తేలినట్టు. తగ్గకపోతే ఇబ్బంది లేనట్టు.

పొడిని కొలవడం దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మెడ దగ్గర తగిలించే చిన్న పంపు ఒకటి తెచ్చాడు. అది గాలిని పీలిస్తే లోపలి కాగితం మీద దుమ్ము పడుతుంది. ముందు తూచి, తర్వాత తూచి, తేడా తీయాలి. గింజల తూకం తెలిసినదాన్ని, ఇది నాకు నచ్చింది. పద్దెనిమిది కాగితాలు పంపాం. పదిహేనింటిలో తేడా దాదాపు సున్నా అని వచ్చింది. ఆడవాళ్ల రెప్పల మీద తెల్లగా పేరుకుని కనబడుతుంటే తక్కెడ మాత్రం ఏమీ లేదంటుంది. ఈ పొడికి బరువు పనికిరాదనీ, రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే మిషన్ కావాలనీ డాక్టరు అన్నాడు. దాన్ని ఎవరి దగ్గరో బతిమాలి 2008 ఫిబ్రవరిలో రెండు రోజుల కోసం తెచ్చాడు.

ముందే చెప్పి రావాలన్నది యజమాని షరతు. మేం పోయేసరికి షెడ్డు కడిగి ఉంది. కలిపే మిషన్‌కు రిపేరని తాళం వేశారు. యజమాని మర్యాదస్తుడు, మాకు మజ్జిగ ఇప్పించాడు. పీపాలో ఏముందని డాక్టరు అడిగితే, "నాకూ తెలియదు సార్, పంపేవాళ్లు చెప్పరు. చెప్పనని నేను సంతకం కూడా పెట్టిన" అన్నాడు. తెలియని సంగతిని చెప్పనని సంతకం ఎట్లా పెట్టాడో నేను అడగలేదు.

షెడ్డులో మిషన్ చూపిన అంకె రాసుకున్నాం. బయట రోడ్డు మీద ఒక టెంపో పొగ వదులుతూ పోయింది, అక్కడ అంకె అంతకు రెట్టింపు. ఒక ఇంట్లో రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర పెడితే ఇంకా ఎక్కువ. మిషన్‌కు రేణువు ఉందని తెలుస్తుంది గాని అది పొగదో పొడిదో తెలియదు. రొట్టెలు కాలుస్తున్న ఆమె అంకెలు చూసి, "గట్లయితే మా అత్త నన్ను షెడ్డుకు పంపినందుకు దండం పెట్టాలె" అంది. అందరం నవ్వాం. డాక్టరు నవ్వలేదు.

ఇంకో చిక్కు, పోల్చడానికి మనుషులు. పొడి ముట్టనివాళ్ల ఊపిరి కూడా కొలవాలి. వ్యవసాయం చేసేవాళ్లను తీసుకుందామంటే, వాళ్లే సగం రోజులు షెడ్డులో ఉంటారు, లేదంటే పత్తికి మందు కొడుతుంటారు. అందుకని గద్వాలకు పోయి మగ్గాల మీద చీరలు నేసే ఇళ్లలో నలభై మందిని రాసుకున్నాం. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొడి మింగెటోళ్లు ఆడ ఉంటే, మా నోట్ల గొట్టం పెడితే మీకు ఏం తెలుస్తదమ్మా?"

"ఊదు జర" అంది కండెలు చుడుతున్న ఆయన భార్య. "పొద్దంత ముచ్చట్లు ఊదుతవు గద, గిది ఊదనీకి ఏమొచ్చింది."

ఆయన ఊదాడు. మా షెడ్డు ఆడవాళ్లకంటే తక్కువ వచ్చింది. నలభై మందిలో ఇరవై రెండు మందికి అంతే. నూలు దుమ్ము, బీడీలు, వయసు. వీళ్లతో పోలిస్తే పొడి ఊపిరికి మేలు చేస్తుందని రాయాల్సి వచ్చేది. డాక్టరు ఆ రాత్రి ఉండకుండా చివరి బస్సుకే హైదరాబాద్ పోయాడు.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకోవచ్చని అప్పటికి అనుకున్నాం. రోజుల లెక్క గట్టిగా ఉంది గదా అని డాక్టరు నా పుస్తకాలు చూసి అనేవాడు. ఆ లెక్కలో పద్నాలుగో నంబరు అందరికంటే ముందుండేది. షెడ్డులో పేర్లతో పిలవరు. ఒక్కొక్కరికి నంబరు కొట్టిన రేకు బిళ్ల ఇచ్చారు. పొద్దున బిళ్ల గేటు దగ్గర మేస్త్రికి ఇస్తే హాజరు పడుతుంది, సాయంత్రం తిరిగి ఇస్తాడు. పద్నాలుగో నంబరు గల ఆమె ముప్పై అయిదేళ్ల మనిషి, గట్టి మనిషి. 2007 జూన్ నుంచి 2009 జనవరి దాకా నేను ఎక్కించిన హాజరు 467 రోజులు. ఏడుసార్లు ఊదింది. ఏడుసార్లూ ఊపిరి ఏ మాత్రం తగ్గలేదు. అందరికంటే ఎక్కువ పొడి పీల్చిన మనిషి అందరికంటే బాగుంది. రోజులకూ ఊపిరికీ కలిపి డాక్టరు గీసిన గీతను ఈ ఒక్క మనిషే పైకి ఎత్తిపట్టింది.

ఏడోసారి ఊదింది 2009 జనవరి 25, ఆదివారం. వచ్చిన వేళ కూడా రాయడం నా అలవాటు. ఆమె బడికి వచ్చింది పొద్దున తొమ్మిదీ పది నిమిషాలకు. మంగళవారం షెడ్డుకు పోయి పుస్తకం తిప్పాను. ఆ వారం సరుకు తొందరని ఆదివారం కూడా పని పెట్టారు. పద్నాలుగో నంబరు ఎదురుగా హాజరు ఉంది, ఎనిమిది గంటలకు.

దొంగ హాజరు వేస్తున్నాడని మేస్త్రిని నిలదీశాను. ఆయన ఏమీ బెదరలేదు.

"బిళ్ల వచ్చింది, రాసిన. దొంగతనం ఏమున్నది మేడమ్?"

"మనిషి బడిలో నా ముందు ఉంది గదయ్యా."

"ఆమె ఉంటే వాళ్ల యారాలు వచ్చి ఉంటది. బిళ్ల ఇంటిది. ఇంట్ల ఎవరికి తీరితే వాళ్లు వస్తరు. నాకు సంచి నిండితే సాలు."

ఇంటి బిళ్ల. ఇరవై నెలలుగా నేను ఒక మనిషి ఒంట్లో పడ్డ పొడి అనుకుని రాసింది, ఒక ఇంటి మీద పడ్డ పొడి. ఈ ఊళ్లలో ఉపాధి పనికైనా, కోతకైనా ఇంటికి ఒకరు పోవడమే వాడుక. ఎవరు పోయారని ఎవరూ అడగరు. అడగాలని నాకు తట్టకపోవడం నా తప్పు.

అదే రోజు వాళ్ల ఇంటికి పోయాను. పద్నాలుగో నంబరు పేరున్న పెద్దామె చాటలో కందులు చెరుగుతోంది. మేస్త్రి చెప్పిన యారాలు, అంటే తోటికోడలు, ఇరవై ఆరేళ్ల పిల్ల, గోడకు ఆనుకుని కూర్చుని దగ్గుతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"పత్తి క్రాసింగ్ దినాలల్ల, గదే పువ్వుకు పువ్వు రుద్ది ఇత్తనం కట్టే పనికి, నేను గద్వాల దిక్కు పోతనమ్మా. ఆడ కూలి ఎక్కువ. అప్పుడు షెడ్డుకు చెల్లె పోతది" అంది పెద్దామె. "నాకు మోకాలు పట్టినా చెల్లెనే పోతది."

"మరి ఊదడానికి ఎప్పుడూ నువ్వే వచ్చావు గదా?"

"పేరు నాది గద మేడమ్. పేరున్నోళ్లనే రమ్మన్నరు."

చిన్నామె నవ్వి, ఆ నవ్వు దగ్గులో పోతే నీళ్లు తాగింది. "అక్కది పేరు, నాది పని" అంది.

ఆమెకు నాలుగు నెలలుగా దగ్గు. మెట్టెక్కితే ఆయాసం. దవాఖానలో తెమడ రెండుసార్లు చూశారు, టీబీ పురుగు కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని టీబీ గోళీలు మొదలుపెట్టారు. ఏం పని చేస్తావంటే కూలి అని చెప్పిందట. తర్వాత పొడి సంగతి చెబితే, షెడ్డు నుంచి కాగితం తెస్తే పెద్ద దవాఖానకు రాస్తామన్నారు. షెడ్డుకు పోతే, నీ పేరే లేదు పొమ్మన్నారు. అది అబద్ధం కాదు. పుస్తకంలో ఆమె పేరు లేదు.

మా పరిశోధనలో పేరున్నవాళ్లకు జబ్బు చేస్తే హైదరాబాద్‌లో స్కానింగ్ దాకా అన్నీ చేయించే ఏర్పాటు ఉంది. నా దగ్గర కూడా ఆమె పేరు లేదు. పేరు ఎక్కించాలి, అంతే గదా అనుకున్నాను.

ఫోన్‌లో చెబితే డాక్టరు ఆ తారీఖునూ వేళనూ మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత, "పద్నాలుగు ఒక్కటేనా అమ్మా?" అన్నాడు.

ఒక్కటే అనాలని నాకు ఎంతో ఉండింది. నాకు తెలియదు అన్నాను. తెలుసుకోమన్నాడు.

ఫిబ్రవరిలో మూడు వారాలు నాలుగు ఊళ్లు ఇల్లిల్లూ తిరిగాను. నలభై ఒక్క బిళ్లల్లో ఇరవై మూడు ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. పద్దెనిమిది బిళ్లలు నలభై అయిదు మంది చేతులు మారాయి. అత్తాకోడళ్లు, తోటికోడళ్లు, ఒకచోట మొగుడూ పెళ్లాం, ఒకచోట పక్కింటామె. అంటే షెడ్డులో పనిచేసింది నలభై ఒక్కమంది కాదు, అరవై ఎనిమిది మంది. ఎవరు ఏ రోజు పోయారో ఎవరికీ గుర్తు లేదు.

చిన్నామె రోజులైనా తేల్చాలని వాళ్ల ఇంట్లో నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను. తారీఖులు వాళ్లకు తెలియవు, పండుగలు తెలుసు. 2007లో రాఖీ పున్నమ నుంచి క్రాసింగ్ అయ్యేదాకా చిన్నామె. పీర్ల పండుగ వారం ఇద్దరూ పోలేదు. పెద్దామె తల్లి చనిపోయిన నెల చిన్నామె. ఉగాది తర్వాత పెద్దామె.

"బతుకమ్మల రోజులల్ల ఎవరు?" అని అడిగాను.

"నేనే" అంది చిన్నామె.

"నువ్వు యాడ పోయినవే?" అంది పెద్దామె. "పండుగకు ఇంటికొచ్చి నేనే పోయిన. పువ్వు తెంప పోయి తేలు కుడితే మూడు దినాలు పండుకున్నవు గద."

"ఆ మూడు దినాలు తీసెయ్యి మేడమ్" అంది చిన్నామె. "అక్కకు నా రోజులు కూడా కావాలె."

"కావాలె మరి. నీ రోజులు నేను మోసుంటే నీ దగ్గు కూడా నాకే వస్తుండె" అంది పెద్దామె.

చివరికి చిన్నామెవి 286, పెద్దామెవి 181. కలిపితే 467. మొత్తం సరిపోయింది గాని, లోపలి విభజనలో నలభై రోజులు ఇటూ అటూ కావచ్చు. పక్కన ఆ మాట కూడా రాశాను. నేను రాయడం మొదలుపెట్టక ముందు షెడ్డు రెండేళ్ల లెక్క ఇందులో లేదు.

మార్చిలో డాక్టరు వచ్చి ఆ కాగితాలను రెండుసార్లు చదివాడు.

"మీరు చేసిన దానికి వంక పెట్టను. కానీ దీన్ని తీసుకోరు. జబ్బు చేసినవాళ్లు కారణం వెతుక్కుంటారు, ఉన్న రోజులకంటే ఎక్కువ గుర్తుచేసుకుంటారు అంటారు."

"ఆమె మూడు రోజులు తీసేయమని తనే చెప్పింది."

"నాకు తెలుసమ్మా. నేను నమ్ముతున్నాను. నేను నమ్మడం వేరు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆమె మొదట్లో ఎట్లా ఊదేదో మా దగ్గర లేదు. ఇప్పుడు ఊపిరి తక్కువ ఉందని కొలవగలం. తగ్గిందని చెప్పలేం. అయినా పరిశోధనకు డబ్బిచ్చే పైవాళ్లకు రాశాడు. ఏప్రిల్ చివర జవాబు వచ్చింది. మధ్యలో కొత్త పేరు చేర్చడం కుదరదని.

చేర్చడం కుదరలేదు గాని తీసేయడం కుదిరింది. చేతులు మారిన పద్దెనిమిది బిళ్లలు తీసేశారు. మిగిలిన ఇరవై మూడులో తొమ్మిదిమంది అంతకు ముందు పలుగురాళ్లు పొడి కొట్టే మిల్లులో పనిచేసినవాళ్లు. ఆ దుమ్మూ ఈ పొడీ విడదీయలేమని వాళ్లనూ తీశారు. మిగిలింది పద్నాలుగు మంది. ఏడుసార్లూ ఊదనివాళ్లు ముగ్గురు. పదకొండు. పదకొండు మంది మీద ఏమీ చెప్పలేమని, ఇంకా చూడవలసి ఉందని రాసి పైకి పంపారు. జూన్‌లో గడువు ముగిసింది. ఇంకా చూడటానికి ఎవరూ రాలేదు.

నేను ఇల్లిల్లూ తిరిగిన సంగతి యజమానికి తెలియకుండా ఉంటుందా. మే నెలలో రేకు బిళ్లలు వాపసు తీసుకుని ఫొటో అంటించిన కార్డులు ఇచ్చాడు. కార్డు ఎవరిదో వాళ్లే రావాలి. అరవై ఎనిమిదిలో ఇరవై ఏడుగురికి పని పోయింది. ఒక ముసలామె బస్టాండులో నన్ను ఆపింది.

"నీకు పింఛను వస్తది. కూసొని లెక్క రాసుకున్నవు. మా కోడలు పోతుండె, నేను పోతుంటి. ఇప్పుడు ఒక్కరి మీదనే పొడి, ఒక్కరి మీదనే కూలి. ఏం సాధించినవమ్మా?"

బస్సు రాలేదు. ఆమె పక్కనే ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

చిన్నామెను ఆషాఢంలో తెలకపల్లిలోని తల్లిగారింటికి తీసుకుపోయారు. మా నివేదిక తెలుగులో రాయించిన ఒక పేజీ నా దగ్గర ఉంది. పాల్గొన్నవాళ్లకు చదివి వినిపించాలని నియమం. ఆమె పాల్గొన్న మనిషి కాదు. అయినా ఆగస్టులో నాగర్‌కర్నూల్ మీదుగా పోయి, ఆమె మంచం పక్కన కూర్చుని చదివాను. పొడి వల్ల హాని ఉందని గాని లేదని గాని ఈ వివరాలతో చెప్పలేము, అని చివరి వాక్యం.

"అంతేనా?" అంది.

"అంతే."

"రెండేండ్లు గిదే రాసిండ్రా?" అని, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నన్ను అడిగితే ఒక్క దినంల చెప్పకపోదునా."

ఆమె తల్లి రాగిజావ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏ దవాఖానకు పోవాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. పోయారు. టీబీ గోళీలు ఆపేశారు, వేరే మందులిచ్చారు, ఆక్సిజన్ పెట్టమన్నారు. కారణం రాసే చోట ప్రశ్న గుర్తు పెట్టారు. 2009 డిసెంబర్‌లో చనిపోయింది. ఇరవై ఏడు నిండలేదు.

పదకొండో రోజున వాళ్ల ఇంటికి పోయాను. పెద్దామె నన్ను లోపలికి రమ్మంది, చాప వేసింది. పనికి పోతున్నావా అని అడిగాను. ఫొటో కార్డు ఆమెదే. అప్పుడు ఇద్దరు పోయే రోజులన్నీ ఇప్పుడు ఆమె ఒక్కదానివే. క్రాసింగ్‌కు కూడా పోవడం మానేసింది, నాగా పెడితే కార్డు పోతుందట.

"మేడమ్, ఒక మాట అడుగుత. నాకు మంచిగుంటదా, పోతే?"

ఏడుసార్లు ఆమె ఊదిన అంకెలు నాకు నోటికి వచ్చు. 467 రోజులనుకున్నప్పుడు అవి ఒక అర్థం చెప్పాయి. 181 అంటే ఇంకో అర్థం. ఇప్పటినుంచి ఏడాదికి మూడు వందలైతే ఏమవుతుందో చెప్పే అంకె నా దగ్గర గాని, డాక్టరు దగ్గర గాని లేదు. పోవద్దు అందామా అంటే, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు చిన్నామె బిడ్డతో ముగ్గురు. ఆ ఏడాది చేను ఎండింది.

"తెలియదు" అన్నాను.

"తెల్వదంటే పోవచ్చు అన్నట్టా, వద్దు అన్నట్టా?"

షెడ్డుకు పోయే ఆటో హారన్ వినబడితే ఆమె లేచి, దస్తీ ముక్కు మీదుగా రెండు మడతలు కట్టుకుని, చిన్నామె బిడ్డకు అన్నం పెట్టమని నాకు చెప్పి పోయింది.